దుర్వార్తయు, కంపెనీల ధర్మమును

శుభవార్త చెప్పుటకు పదిమంది ముందునకు వత్తురు. దుర్వార్త చెప్పుటకు ఒక్కడును నోరు విప్పడు. ఇది లోకస్వభావము. ఇంటిలో నొకరికి జబ్బు చేసినపుడు ఆ సంగతిని ముసలితల్లికి కొన్నిదినములు దాచుట దయయే కావచ్చును. కాని వేలకొలది జనుల సొమ్మును, శ్రమను, ప్రాణములను ఆధారముగా జేసికొని నడచు కంపెనీల విషయమున నట్లు దాచుట దయ కాదు, ద్రోహము. లాభము వచ్చిన యేడు పెద్ద యక్షరములతో ప్రకటించుకొను సంస్థలు, నష్టము వచ్చినపుడును, ప్రమాదము జరిగినపుడును ఆ సంగతిని ఎవరికి, ఎప్పుడు, ఎట్టిమాటలతో తెలుపుచున్నవి? వాని యోగ్యత నెఱుగుటకు ఇంతకంటె మంచి గీటురాయి లేదు.

హైదరాబాదునందలి సత్యం కంప్యూటర్ల వృత్తాంతమును ఆంధ్రులు మఱచియుండరు. 2009వ సంవత్సరము జనవరి 7వ తేదీన ఆ సంస్థ అధ్యక్షుడు శ్రీ రామలింగరాజు డైరెక్టర్లకు లేఖ వ్రాసి, లెక్కలలో నగదుగను, బ్యాంకు నిల్వలుగను చూపబడిన 5,361 కోట్ల రూపాయలలో 5,040 కోట్లు లేనివే యని యొప్పుకొనెను. మొదట స్వల్పమైయుండిన వ్యత్యాసము ఏండ్లు గడచినకొలది పెరిగిపోయినదనియు, పులి నెక్కినవాడు దాని నోటబడక దిగు నుపాయము తెలియక చిక్కుకొన్నట్లు తన స్థితి యుండెననియు ఆయనయే వ్రాసెను. ఆ దినముననే వాటాల ధర మూడువంతులకు పైగా పడిపోయినది. ఏబదివేలకు పైబడిన ఉద్యోగులు, రాబోవు మాసమున జీతము వచ్చునో రాదోయని దిగులుపడిరి. భూమి నమ్మి పిల్లలను చదివించిన తండ్రులును, తమ మిగులుసొమ్ము వాటాలలో పెట్టిన గృహస్థులును ఒక్కపూటలో దిక్కుతోచనివారైరి.

ఈ యుదంతమున గ్రహింపవలసినది మోస మొక్కటియే కాదు. మొదటియేట చెప్పియుండినయెడల ఆ దుర్వార్త చిన్నదిగనే యుండెడిది. ఒక త్రైమాసికపు లాభము తగ్గినదను మాట, కొన్నినాళ్ల తలవంపు, అంతియే. దాచినకొలది అప్పునకు వడ్డీ పెరిగినట్లు దుర్వార్తయు పెరుగును. తుదకు దానిని చెప్పువాడు చెప్పదలచి చెప్పుటలేదు, దాచజాలక చెప్పుచున్నాడు. అప్పటికి వినువానికి మిగులునది విచారమే గాని ఉపాయము కాదు. తరువాత కేంద్రప్రభుత్వము పూర్వపు డైరెక్టర్లను తొలగించి కొత్తవారిని నియమించెను. వారు సంస్థ నిజస్థితిని బహిరంగముగా చెప్పుచు, ఏప్రిలు మాసమునాటికి దానిని టెక్ మహీంద్రా వశము జేయగలిగిరి. నిజము చెప్పిన పిమ్మటనే సంస్థను నిలబెట్టుట సాధ్యమైనదను సంగతి గమనింపదగినది.

దీనికి భిన్నమైన యుదాహరణము అమెరికాలో కలదు. 1982వ సంవత్సరము చివరిభాగమున చికాగో ప్రాంతమున టైలినాల్ అను నొప్పిమందు గొట్టములను మ్రింగి ఏడుగురు మరణించిరి. ఎవడో దుర్మార్గుడు అంగళ్లలోని సీసాలలో సైనైడు విషమును కలిపెను; వాడెవ్వడో నేటికిని తేలలేదు. దోషము జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీది కాదు. అయినను ఆ కంపెనీ ‘మాకేమి సంబంధ’ మనలేదు. ఆ గొట్టములను వాడవలదని దేశమంతటను చాటించెను, ప్రకటనలను నిలిపివేసెను, సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనుకకు రప్పించెను. వాని వెల 10 కోట్ల డాలర్లకు పైమాట. తరువాత మూత తీసినచో వెంటనే తెలియునట్టి కట్టుదిట్టమైన సీసాలతో మరల అంగళ్లకు వచ్చెను. ఏడాది తిరుగునంతలో పోయిన వ్యాపారమున చాలభాగము తిరిగి చేకూరెను. ముందుగా హెచ్చరించినవానిని జనులు నమ్ముదురనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

సొమ్మునకు సంబంధించిన దుర్వార్త ఆలస్యమైనచో సొమ్ము పోవును. ప్రాణములకు సంబంధించినది ఆలస్యమైనచో ప్రాణములే పోవును. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాలు నగరమున యూనియన్ కార్బైడు కర్మాగారమునుండి విషవాయువు వెడలినపుడు, ఆస్పత్రులలోని వైద్యులకు అది యే వాయువో, దానికి చికిత్స యేదో సకాలమున తెలియలేదు. ఆ ఘోరమునకు పిమ్మట 1987లో ఫ్యాక్టరీల చట్టమును సవరించి, తమ కర్మాగారమువలన కలుగగల యపాయములను పనివారికిని, స్థానికాధికారులకును, చుట్టుపట్ల నివసించు జనులకును తెలుపవలసినదని యజమానులకు విధించిరి.

చట్టము పుట్టి ముప్పదియేండ్లు దాటినది. 2020వ సంవత్సరము మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణమునందలి ఆర్. ఆర్. వెంకటాపురము ప్రక్క ఎల్. జి. పాలిమర్సు కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెడలెను. పండ్రెండుగురు మరణించిరి, వందలకొలది జనులు ఆస్పత్రుల పాలైరి. కర్మాగారమున సైరను కలదు. అది మ్రోగలేదని ప్రభుత్వము నియమించిన విచారణసంఘము తేల్చినది. కోట్ల రూపాయలు వ్యయపడు పని కాదది. ఒక మీట నొక్కవలసియుండెను. నిద్రించుచున్న గ్రామమునకు చెప్పవలసిన దుర్వార్త అంత చిన్నది, అంత పెద్దది.

నేడు పెట్టుబడిదారుల రక్షణకు నిబంధనలు బలముగానే యున్నవి. సంస్థలోపల పుట్టిన ముఖ్యవిషయమును 12 గంటలలోను, వెలుపలినుండి వచ్చినదానిని 24 గంటలలోను వాటాలబజారునకు తెలుపవలయునని 2023లో సెబీ నిర్ణయించినది. మంచిదే. కాని వాటాదారుడు గంటలలో వినవలసిన సంగతిని, పనివాడు మఱునాటి పత్రికలో చదువుకొనవలసినదేనా? ఇరుగుపొరుగువారు ఊపిరాడక తెలిసికొనవలసినదేనా? దుర్వార్త మొదట ఎవరి ప్రాణమునకు, ఎవరి కూటికి తగులునో వారికే మొదట చేరవలయును. దానిని పైయధికారియే తన నోట చెప్పవలయును గాని, చిన్నయుద్యోగిచేత చెప్పింపరాదు. ‘సర్దుబాటు’, ‘పునర్వ్యవస్థ’ యను ముసుగుమాటలతో కాక, ఎందఱి పని పోవుచున్నది, ఎంత సొమ్ము పోయినది, ఏమి చేయబోవుచున్నాము అను మూడింటిని తేటమాటలలో చెప్పవలయును. తెలియనిదానిని తెలియదనుటకు సిగ్గుపడరాదు.

ఈ ధర్మము పెద్ద కంపెనీలకు మాత్రమే కాదు. మన పట్టణములలోని చిట్టీల సంఘములకును, సహకార బ్యాంకులకును, బియ్యపుమిల్లులకును ఇదే వర్తించును. పాఠకులలో పలువురు వానిలో వాటాదారులు, కొందఱు డైరెక్టర్లు. సర్వసభ్యసమావేశమున లాభాంశ మెంతయని యడుగుటతో తృప్తిపడక, ‘మాకు చెప్పవలసియు చెప్పనిదేమైన గలదా?’ యని యొక ప్రశ్న వేయుడు. ప్రక్కన కర్మాగారము గల గ్రామములవారు సైరను ఏడాదికెన్నిమారులు పరీక్షింపబడుచున్నదో పోయి విచారింపుడు. అడుగువారు లేనిచోట చెప్పువారు నుండరు.