కొస లాగితే ఊడాలి

మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో గేదెను కట్టేయడం అందరికీ వచ్చు. మరి గుర్రాన్ని? పశువైద్య సహాయకుల కొలువులపై కన్నేసిన వాళ్లు ఆ పని కూడా నేర్చుకోవాలి. 2023లో రాష్ట్ర ప్రభుత్వం 1,896 గ్రామ పశుసంవర్ధక సహాయకుల పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. ఈ ఉద్యోగంలో రోజూ ఎదురయ్యేవి గేదెలు, గొర్రెలే. గుర్రం ఎప్పుడో పెళ్లి ఊరేగింపుల కాలంలో తగులుతుంది. తగిలిన రోజు తేడా తెలియకపోతే దెబ్బ మీకో, దానికో!

గుర్రం బెదిరితే వెనక్కి గుంజుతుంది. అందుకే మెడకు ఉచ్చు వేయకూడదు. కళ్లెం పగ్గంతోనూ కట్టకూడదు, లాగితే నోరు తెగుతుంది. తలకు తొడిగే హాల్టర్‌కే తాడు కట్టాలి. నేలలో గట్టిగా దిగిన గుంజ చూసుకోండి. గేటు, బైకు పనికిరావు. ముడి గుర్రం మూపు ఎత్తులో ఉండాలి, మధ్యలో రెండడుగుల తాడు చాలు. మేతకు గేదెను వదిలినట్టు కింద, పొడుగ్గా కడితే ముందుకాలు తాడులో ఇరుక్కుంటుంది. గాయాలకు ఇదో కారణం.

ఇక ముడి. తాడును గుంజ చుట్టూ తిప్పాక, కొసను పూర్తిగా దూర్చేయకుండా మడతపెట్టి దూర్చండి, షూ లేసు ముడిలా. ఆపదలో కొస ఒక్కసారి లాగితే ఊడిపోవాలి. ఇంట్లో పలుపుతాడుతోనే సాధన చేయొచ్చు, కళ్లు మూసుకున్నా పడేదాకా. తాడు మాత్రం చేతికి చుట్టుకోవద్దు, వేళ్లు పోతాయి.

సూది వేసేటప్పుడు అసలు కట్టేయకండి. అలవాటైన మనిషి హాల్టర్ తాడు పట్టుకుని, మీరున్న వైపే నిలబడితే మేలు.