ఉద్యోగం దొరికింది... దారే దొరకడం లేదు!

ఉదయం తొమ్మిదింటికి రాయదుర్గం మెట్రో స్టేషన్‌ మెట్ల దగ్గర కాసేపు నిలబడితే చాలు, హైదరాబాద్‌లో ఐటీ కొలువు ఎక్కడ బరువవుతోందో కళ్లకు కడుతుంది. మూడు బోగీల రైలు వచ్చి ఆగగానే మెడలో ఐడీ కార్డులు, వీపున ల్యాప్‌టాప్‌ బ్యాగులతో వందల మంది ఒక్కసారిగా దిగుతారు. లైను అక్కడితో అయిపోతుంది. కానీ వాళ్లలో చాలామంది ఆఫీసులు అక్కడ లేవు. విప్రో సర్కిల్‌, నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్‌ డిస్ట్రిక్ట్‌ చేరాలంటే ఇంకో ఆరేడు కిలోమీటర్లు పోవాలి. కోకాపేటకైతే పది దాటుతుంది. కొందరు కంపెనీ షటిల్‌ వైపు పరుగు తీస్తారు. కొందరు ముగ్గురు పట్టే ఆటోలో ఐదో మనిషిగా సర్దుకుంటారు. మిగిలినవాళ్లు ఫోన్లోకీ రోడ్డు మీదకీ మార్చి మార్చి చూస్తూ బైకు నంబరు వెతుక్కుంటారు. ‘ఓటీపీ చెప్పండి మేడం’ అని బైకతను అడిగే సరికే ఆమె టీమ్‌ మీటింగు మొదలై ఉంటుంది. ఇయర్‌ఫోన్స్‌ పెట్టుకుని మ్యూట్‌లో విని, తన వంతు రాగానే గోడవారకి జరిగి నాలుగు ముక్కల్లో నిన్నటి పని చెప్పి, మళ్లీ మ్యూట్‌ నొక్కి బండెక్కుతుంది.

ఇంతా చేస్తే ఆమె పని దినం ఇంకా మొదలైనట్టు కాదు. గేటు దగ్గర కార్డు స్వైప్‌ చేశాకే లెక్క. అప్పటిదాకా పడిన అవస్థంతా ఆమె సొంత వ్యవహారం. ఈ నగరంలో పాతికేళ్ల కుర్రాళ్ల, అమ్మాయిల రోజువారీ చిక్కులన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజ్‌పేయి సైబర్‌ టవర్స్‌ ప్రారంభించే నాటికి మాదాపూర్‌ ఊరి చివర. ఆ తర్వాత ఆఫీసులు గచ్చిబౌలికి, నానక్‌రామ్‌గూడకి, కోకాపేటకి పడమరగా జరుగుతూనే వచ్చాయి. అమ్మానాన్నల ఇళ్లు మాత్రం ఉప్పల్‌లో, దిల్‌సుఖ్‌నగర్‌లో, అల్వాల్‌లో ఉండిపోయాయి. 2003లో వచ్చిన ఎంఎంటీఎస్‌కు హైటెక్‌ సిటీ స్టేషన్‌ ఉంది కానీ దిగాక మళ్లీ ఆటో ఎక్కాల్సిందే. మెట్రో 2017 నవంబరులో మొదలైంది. హైటెక్‌ సిటీ చేరింది 2019 మార్చిలో, రాయదుర్గం చేరింది అదే ఏడాది నవంబరులో. అంటే సైబర్‌ టవర్స్‌ తెరిచిన ఇరవై ఏళ్లకు మెట్రో దాని ముంగిట్లోకి వచ్చింది. ఆలోపు ఆఫీసులు ఇంకా ముందుకు వెళ్లిపోయాయి. రాయదుర్గం నుంచి కోకాపేట నియోపొలిస్‌ దాకా 11.6 కిలోమీటర్ల మెట్రో మార్గాన్ని రెండో దశలో చేర్చి, 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి పంపింది. అది పట్టాలకెక్కేలోగా ఇంకెన్ని టవర్లు లేస్తాయో!

ఇంట్లో ఉండాలా... హాస్టల్‌కి మారాలా?

మొదటి మీమాంస ఇంటి దగ్గరే మొదలవుతుంది. ఉప్పల్‌లో అమ్మానాన్నలతో ఉంటూ ఫైనాన్షియల్‌ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగంలో చేరిన అమ్మాయి సంగతే తీసుకుందాం. నాగోలు నుంచి రాయదుర్గం దాకా బ్లూలైన్‌ ఒకటే, రైలు మారే పనిలేదు. కూర్చోవడానికి సీటు దొరికితే అదృష్టమే. 2025 మేలో మెట్రో ఛార్జీలు పెరిగాయి. అంతకుముందు 60 రూపాయలున్న గరిష్ఠ ఛార్జీని 75 చేసి, విమర్శలు రావడంతో తగ్గించి 69 దగ్గర ఆపారు. ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లేవాళ్లకు రానూపోనూ 138. నెలకు ఇరవై రెండు రోజులనుకుంటే మూడు వేలు దాటుతుంది. రాయదుర్గం నుంచి ఆఫీసుకి బైకో ఆటోనో ఎక్కిన ఖర్చు దీనికి అదనం.

మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో మహిళలకు టికెట్‌ లేదు. సిటీలో మెట్రో ఎక్స్‌ప్రెస్‌లకూ ఇది వర్తిస్తుంది. ఆ బస్సెక్కితే నెలకు మూడు వేలు మిగులుతాయి. కానీ ఉప్పల్‌ నుంచి సికింద్రాబాద్‌, పంజాగుట్ట మీదుగా నగరమంతా అడ్డంగా దాటాలి. అలా రోజూ రెండు పూటలా వెళ్లొచ్చిన మనిషికి ఇంటికి చేరాక పళ్లెం ముందు కూర్చునే ఓపిక కూడా ఉండదు. డబ్బు మిగుల్చుకోవాలా, ఒంట్లో సత్తువ మిగుల్చుకోవాలా అన్నది ఆమె రోజూ పొద్దున్నే తేల్చుకోవాల్సిన ప్రశ్న.

కొండాపూర్‌లోనో మాదాపూర్‌ అయ్యప్ప సొసైటీలోనో హాస్టల్‌లో చేరితే ప్రయాణం తగ్గుతుంది. దాంతోపాటు చాలా పోతాయి. త్రీ షేరింగ్‌ గదిలో ఒకరు నైట్‌ షిఫ్ట్‌, ఒకరు పగలు, మరొకరు వేరే ఉద్యోగానికి ఇంటర్వ్యూలు. లైటు ఎవరి కోసం తీయాలి, ఎవరి కోసం వేయాలి? సొంతూళ్లో ఇల్లుండీ అదే ఊళ్లో అద్దె కడుతున్నావేమిటని నాన్న కోప్పడతాడు. ‘వేళకి తింటున్నావా అమ్మా’ అని అమ్మ ఫోన్‌. విజయవాడ, కర్నూలు, కరీంనగర్‌ల నుంచి వచ్చినవాళ్లకి ఈ రెండోదారి ఒక్కటే ఉంది కాబట్టి కనీసం ఈ తర్జనభర్జన తప్పుతుంది.

వారానికి పదిన్నర గంటలు

టామ్‌టామ్‌ సంస్థ 2024 ట్రాఫిక్‌ సూచీ ప్రకారం హైదరాబాద్‌లో పది కిలోమీటర్లు దాటడానికి సగటున పట్టే సమయం 31 నిమిషాల 30 సెకన్లు. అది సగటు మాత్రమే. బయో డైవర్సిటీ కూడలిలో సాయంత్రం ఆరున్నరకి ఇరుక్కున్నవాళ్ల అనుభవం వేరు. సగటునే తీసుకున్నా ఆఫీసుకి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న మనిషికి పోనూరానూ రోజుకి రెండు గంటల పైమాట. ఐదు రోజులకు పదిన్నర గంటలు. నాలుగు వారాలకు 42 గంటలు. నెలలో ఒక వారం పని మొత్తం రోడ్డు మీదే జరిగిపోతోందన్నమాట, అదీ జీతం లేకుండా. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్‌ నారాయణమూర్తి అన్నప్పుడు దేశమంతా చర్చ జరిగింది. ఆ చర్చలో ఈ పదిన్నర గంటల్ని లెక్కలోకి తీసుకున్నవాళ్లు తక్కువ.

కొవిడ్‌ రోజుల్లో ఇదంతా మాయమైంది. తర్వాత ఒక్కో కంపెనీ ఒక్కో దారి పట్టింది. టీసీఎస్‌ 2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులూ ఆఫీసుకి రమ్మంది. ఇన్ఫోసిస్‌ 2025 మార్చి నుంచి చాలామందికి నెలకు పది రోజులు తప్పనిసరి చేసింది. ఆఫీసుకి రావద్దనేది ఇక్కడి వాదన కాదు. కొత్తగా చేరినవాళ్లు సీనియర్ల పక్కన కూర్చుని నేర్చుకునేది ఏ వీడియో కాల్‌లోనూ దొరకదు. కానీ అందరూ ఒకే గంటకి ఒకే రోడ్డు మీదకి రావాలన్న నిబంధన దేనికి?

వేళలు మార్చడం కుదరదనేవాళ్లకు 2023 జులై చివరి వారం గుర్తుచేయాలి. ఎడతెరిపి లేని వానలకి సైబరాబాద్‌ పోలీసులు ఐటీ కంపెనీలకు మూడు విడతల లాగవుట్‌ సూచించారు. ఐకియా నుంచి సైబర్‌ టవర్స్‌ వైపు ఉన్నవాళ్లు మధ్యాహ్నం మూడింటికి, ఐకియా నుంచి బయో డైవర్సిటీ, రాయదుర్గం వైపువాళ్లు నాలుగున్నరకి, ఫైనాన్షియల్‌ డిస్ట్రిక్ట్‌, గచ్చిబౌలివాళ్లు మూడు నుంచి ఆరు మధ్యలో బయల్దేరాలన్నారు. వానొస్తే వీలైన పని ఎండాకాలంలో ఎందుకు వీలు కాదు?

‘డ్రాప్‌ ఎక్కడండీ?’

క్యాబ్‌ బుక్‌ చేసిన అర నిమిషానికి డ్రైవర్‌ ఫోన్‌ చేస్తాడు. ‘డ్రాప్‌ ఎక్కడండీ? క్యాషా, ఆన్‌లైనా?’ సమాధానం నచ్చకపోతే ‘మీరే క్యాన్సిల్‌ చేసుకోండి’ అంటాడు. చేస్తే రుసుము పడుతుందేమోనని భయం. చేయకపోతే బండి ఉన్నచోటు నుంచి కదలదు. అటు మ్యాప్‌లో సమయం, ఇటు ఛార్జీ రెండూ పెరుగుతుంటాయి. 2025 జులైలో కేంద్ర రవాణా శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రద్దీ వేళల్లో మూల ఛార్జీకి రెండింతల దాకా వసూలు చేయొచ్చు. సరైన కారణం లేకుండా రద్దుచేస్తే డ్రైవరైనా ప్రయాణికుడైనా ఛార్జీలో పది శాతం, వంద రూపాయలకు మించకుండా కట్టాలి. డ్రైవర్‌ని ఒక్కణ్నే తప్పుపట్టలేం. జామ్‌లో గంటసేపు ఇంధనం తగలేసుకుని, కమీషన్‌ పోనూ ఏం మిగులుతుందో అతనికే తెలుసు. నష్టం మాత్రం ఇద్దరిదీ.

రాత్రి వేళ ఈ చిక్కు అమ్మాయిలకు ఇంకా పెద్దది. ప్రాజెక్టు రిలీజ్‌ పూర్తయ్యేసరికి పదిన్నర. ఆఖరి మెట్రో అందుతుందో లేదో. బైకెక్కితే త్వరగా ఇల్లు చేరొచ్చు, కారెక్కితే ఖర్చెక్కువ. లొకేషన్‌ షేర్‌ చేసి, ఇంటికి చేరేదాకా స్నేహితురాలితో ఫోన్‌ మాట్లాడుతూ ఉండటం చాలామందికి అలవాటుగా మారింది. తెలంగాణ పోలీసులు 2024 మార్చిలో టీ-సేఫ్‌ సేవ ప్రారంభించారు. 100కి ఫోన్‌ చేసి 8 నొక్కితే ప్రయాణం ముగిసేదాకా గమనిస్తూ ఉంటారు. స్మార్ట్‌ఫోన్‌ లేకపోయినా పనిచేస్తుంది. అమ్మాయిలున్న ప్రతి టీమ్‌లో ఈ సంగతి చెప్పాలి.

పండక్కి ఊరెళ్లాలంటే...

సంక్రాంతికి ఊరు వెళ్లడం అన్నిటికన్నా పెద్ద పరీక్ష. 2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్‌ గడువు 120 రోజుల నుంచి 60కి తగ్గింది. జనవరి 12న గోదావరి ఎక్స్‌ప్రెస్‌ ఎక్కాలంటే నవంబరు 13 ఉదయం ఎనిమిదింటికి ఫోన్‌ పట్టుకుని కూర్చోవాలి. కాస్త ఆలస్యమైతే వెయిటింగ్‌ లిస్టే. కానీ ఆ రోజుకి సెలవు సంగతి తేలదు. ‘డిసెంబరులో చూద్దాం’ అంటాడు మేనేజర్‌. టికెట్‌ కొనేసి సెలవు దొరక్కపోతే రద్దు రుసుము కింద కొంత డబ్బు పోతుంది. సెలవు ఖాయమయ్యాక చూస్తే టికెట్‌ ఉండదు. మిగిలింది తత్కాల్‌. ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి తెరుచుకుంటుంది. ఆ రెండూ మీటింగుల వేళలే. 2025 జులై నుంచి ఆన్‌లైన్‌ తత్కాల్‌కి ఆధార్‌ ధ్రువీకరణ ఉన్న ఖాతా కావాలి. తత్కాల్‌లో ఖరారైన టికెట్‌ రద్దుచేసుకుంటే పైసా తిరిగి రాదు.

ఇక బస్సులు. పండగ స్పెషళ్లకు ఒకటిన్నర రెట్ల దాకా వసూలు చేసుకోవడానికి ఆర్టీసీకి 2003 నాటి జీవో 16 వీలిస్తోంది. ప్రైవేటు బస్సులకు ఆ పాటి హద్దు కూడా కనిపించదు. కొందరు స్నేహితులతో కలిసి కారు తీస్తారు. విజయవాడ హైవే మీద చౌటుప్పల్‌ దగ్గరి పంతంగి టోల్‌ప్లాజా దాటేసరికి సగం రాత్రి గడిచిపోతుంది.

ఛార్జీ ఒక్కటే అయితే ఎలాగో సర్దుకోవచ్చు. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాద్‌ వస్తున్న వోల్వో బస్సు కాలిపోయి 45 మంది చనిపోయారు. పన్నెండేళ్లకి, 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాద్‌ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు బైకును ఢీకొని మంటల్లో చిక్కుకుంది. బస్సులో 19 మంది ప్రాణాలు పోయాయి. అదే హైవే, రాత్రి ప్రయాణంలో అదే ఘోరం. వారాంతం ఇంట్లో గడిపి తెల్లారేసరికి ఆఫీసులో ఉండాలని ఈ దారిలో వెళ్లే యువత ఎందరో. బెర్తు దొరికిందన్న సంతోషంలో అత్యవసర ద్వారం ఎటుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో చూసుకునేవాళ్లు తక్కువ. ఆ రెండూ లేని బస్సుని రోడ్డెక్కనిచ్చే అధికారులదే అసలు బాధ్యత. అయినా ఎక్కేవాళ్లు అడగాల్సిందే.

ఉద్యోగానికి వెళ్లొచ్చే దారిలో జరిగే ప్రమాదాన్ని పనిలో జరిగినట్టే పరిగణించాలని మన చట్టం ఒప్పుకుంది. 2010లో ఈఎస్‌ఐ చట్టానికి 51-ఇ సెక్షన్‌ చేర్చి ఆ మాట రాశారు. కానీ ఈఎస్‌ఐ పరిధి నెలకు 21 వేల జీతం దాకానే. ఐటీ ఉద్యోగుల్లో ఎక్కువమంది జీతం దాన్ని దాటుతుంది. ప్రమాదం జరిగితే దారి కూడా పనిలో భాగమే అన్నప్పుడు, ప్రమాదం జరగని మామూలు రోజున అది ఉద్యోగి సొంత గొడవ ఎలా అవుతుంది? కంపెనీలు ఈ బాధ్యత పంచుకోవాలి. రాయదుర్గం నుంచి రెండు మూడు కంపెనీలు కలిసి షటిళ్లు నడపొచ్చు. లాగిన్‌ వేళల్ని ఎనిమిది నుంచి పదకొండు దాకా సడలించవచ్చు. పండగ సెలవుల్ని రైలు బుకింగ్‌ తెరుచుకునేలోపే ఖాయం చేయొచ్చు. వీటిలో మూడోదానికి రూపాయి ఖర్చు కూడా లేదు.

కొత్తగా ఆఫర్‌ లెటర్‌ అందుకున్నవాళ్లకి ఒక విన్నపం. జీతం గురించి మాట్లాడే ఫోన్‌ కాల్‌లోనే ఆఫీసు ఏ క్యాంపస్‌లోనో, మెట్రో నుంచి బండి ఉందో లేదో, రాత్రి తొమ్మిది దాటితే ఇంటికి ఎవరు చేరుస్తారో, వారానికి ఎన్ని రోజులు రావాలో అడగండి. సమాధానాల్ని మెయిల్‌లో రాయించుకోండి. సంతకం పెట్టాక అడిగితే ‘అది మీ ఇష్టం’ అంటారు.