తమ్ముడి చెయ్యి, ఎక్స్‌రే గదిలో కరెంటు

నాన్నగారి బదిలీతో విశాఖ నుంచి రాయ్‌పూర్ వచ్చిన నెలకే తమ్ముడు సైకిలు మీద నుంచి పడ్డాడు. చెయ్యి వాచింది. ఎక్స్‌రే గదిలో టెక్నీషియన్ "హిల్‌నా మత్, బేటా" అన్నారు. కదలకుండా ఉండాల్సింది రెప్పపాటే. అంత త్వరగా ఎలా అయిపోతుంది?

గోడ ప్లగ్గులో ఉండేది 230 వోల్టుల ఏసీ. కోర్బాలో బొగ్గుతో నడిచే జనరేటర్లలో పుట్టిందే కావచ్చు. చేతి ఎముక చూడాలన్నా సుమారు 50 వేల వోల్టులు కావాలి. ట్రాన్స్‌ఫార్మర్ రెండో చుట్టలో 200 రెట్లు ఎక్కువ చుట్లుంటే 230 కాస్తా 46,000 అవుతుంది. ఇంకో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి తగ్గించి ఫిలమెంటును వేడి చేస్తుంది. దాని నుంచి ఎలక్ట్రాన్లు దూసుకెళ్లి టంగ్‌స్టన్‌ను ఢీకొంటాయి. ఆ శక్తిలో నూటికి 99 వంతులు వేడిగానే పోతుంది, మిగిలిందే ఎక్స్‌కిరణాలు!

చిక్కల్లా ఏసీతోనే. అది సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది, ప్రతి ఆవర్తనంలో సగం సేపు ఎదురు తిరుగుతుంది. అప్పుడు కిరణాలు రావు. పైగా బాగా కాలిన టంగ్‌స్టన్ నుంచి ఎలక్ట్రాన్లు వెనక్కి దూకితే ఫిలమెంటు పాడవుతుంది. నాలుగు డయోడ్ల రెక్టిఫయర్ రెండు సగాలనూ ఒకే దిశకు తిప్పుతుంది. అయినా వోల్టేజి సెకనుకు 100 సార్లు సున్నాకు దిగుతూనే ఉంటుంది. దిగినప్పుడు పుట్టే బలహీన కిరణాలు చాలావరకు ఒంట్లోనే ఇంకిపోతాయి. బొమ్మకు పనికిరావు, డోసు మాత్రం పెంచుతాయి.

అందుకే ఇప్పటి యంత్రాలు ముందు ఏసీని డీసీ చేసి, దాన్ని సెకనుకు వేలసార్లు తిరిగే ఏసీగా మార్చి, ఆ తరువాతే వోల్టేజి పెంచి మళ్లీ డీసీ చేస్తాయి. వోల్టేజి దాదాపు నిలకడగా ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మరూ చిన్నదైపోతుంది.

తమ్ముడు కళ్లు మూసి తెరిచేలోపే బొమ్మ వచ్చింది. మణికట్టు దగ్గర సన్నని చీలిక.