కంప్యూటర్ కళ్లు తెరవట్లేదా?

ప్రవేశపరీక్ష దరఖాస్తుకు రేపే ఆఖరు రోజు. అమ్మాయి మార్కుల జాబితా, కులధ్రువీకరణ పత్రం, స్కాన్ చేసిన సంతకం... అన్నీ ఇంట్లో కంప్యూటర్లోనే ఉన్నాయి. బటన్ నొక్కితే ఫ్యాను తిరుగుతోంది కానీ తెర మాత్రం నల్లగా ఉంది. నాన్న రెండుసార్లు ఆపి మళ్లీ వేశారు. తమ్ముడు క్యాబినెట్ నెత్తిన ఒక్కటిచ్చాడు. పక్కింటాయన వచ్చి చూసి, తల పంకించి, 'వైరస్సే. ఫార్మాట్ కొట్టించెయ్యండి' అనేశాడు.

ఆ చివరి మాట దగ్గరే కాస్త ఆగాలి. ఫ్యాను తిరుగుతూ తెర మీద ఒక్క అక్షరమూ రాలేదంటే కంప్యూటర్ చాలావరకూ హార్డ్‌డిస్క్ దాకా వెళ్లనే లేదని అర్థం. సాధారణంగా వైరస్ ఉండేది డిస్కులో. అక్కడిదాకా పోని రోగానికి అక్కడ వైద్యం చేస్తే ఏమవుతుంది? అమ్మాయి కాగితాలు పోతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది!

మదనపల్లెలో టమాటా మండీ లెక్కలు, పుంగనూరులో ఫొటోస్టూడియో పెళ్లి ఆల్బములు, కుప్పంలో డీటీపీ సెంటర్ల పుస్తకాల పేజీలు... ఇలాంటివన్నీ ఎక్కువగా డెస్క్‌టాప్‌లలోనే ఉంటాయి. పెట్టె పాడైతే కొత్తది కొనుక్కోవచ్చు. అందులో ఉన్నది పోతే కొనడానికి దొరకదు. కాబట్టి 'ఏం మార్చాలి?' అని అడిగేముందు 'ఏ మెట్టు దగ్గర ఆగిపోయింది?' అని చూడాలి.

మెట్లంటే ఇవీ. బటన్ నొక్కగానే ఎస్‌ఎంపీఎస్ అనే ఇనుప డబ్బా 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మారుస్తుంది. అంతా సవ్యంగా ఉందని అది సంకేతమిచ్చాకే ప్రాసెసర్ మేలుకుంటుంది. అప్పుడు మదర్‌బోర్డు మీది బయోస్ అనే చిన్న ప్రోగ్రామ్ ర్యామ్ ఉందా, గ్రాఫిక్స్ ఉందా, డిస్క్ ఉందా అని హాజరు పిలుస్తుంది. అందరూ పలికితేనే డిస్క్ నుంచి విండోస్‌ను లేపుతుంది. బూట్ల వెనక ఉండే పట్టీని పట్టుకుని తనను తానే పైకి లేపుకోవడమనే ఇంగ్లిష్ మాట నుంచి వచ్చిందే ఈ 'బూటింగ్'.

మొదట కరెంటు సంగతి

లైటూ ఫ్యానూ ఏదీ లేకపోతే ముందు గోడ వైపు చూడండి. ఆ సాకెట్‌లో సెల్‌ఫోన్ ఛార్జర్ పెడితే పనిచేస్తోందా? యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి తనే అడ్డంగా కూర్చుందేమో? దాన్ని పక్కనపెట్టి తీగను నేరుగా గోడకే ఇచ్చి చూడండి. క్యాబినెట్ వెనక ఎస్‌ఎంపీఎస్‌కు ఉండే చిన్న స్విచ్‌ను ఇల్లు తుడుస్తూ ఎవరో ఆపేసిన సందర్భాలూ ఉంటాయి. పాత ఎస్‌ఎంపీఎస్‌లకు 115, 230 అని ఎర్ర స్విచ్ కూడా ఉంటుంది. పిల్లలు సరదాకి దాన్ని 115కు జరిపితే 'ఢాం' అనే చప్పుడుతో కథ ముగుస్తుంది.

మన పడమటి మండలాల్లో సేద్యానికి బోర్లే ఆధారం. మోటార్లన్నీ ఒక్కసారి అందుకుంటే వోల్టేజీ దబ్బున పడిపోతుంది. ట్యూబ్‌లైటు మినుకుమినుకుమనే వేళ కంప్యూటర్ లేవకపోతే దాన్ని అనుమానించడం అన్యాయం. కరెంటు నిలకడగా ఉన్నప్పుడు మళ్లీ ప్రయత్నించండి. క్యాబినెట్‌ను తాకితే చెయ్యి జివ్వుమంటోందా? మూడో పిన్నుకు ఎర్తింగ్ లేదన్నమాట. ముందు పిలవాల్సింది ఎలక్ట్రీషియన్‌ను.

కరెంటుతో వచ్చే తిప్పల గురించి చెప్పాలంటే కుప్పానికి ఓ పాత కథ ఉంది. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి అక్కడ 'ఐ-కమ్యూనిటీ' పేరిట మూడేళ్ల ప్రయోగం మొదలుపెట్టాయి. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచి, కంప్యూటర్లు పెట్టి, అప్పటిదాకా మౌస్ ముట్టని వారిచేత ముట్టించారు. అందులో నాకు బాగా నచ్చింది ఫొటోల ముచ్చట. స్వయంసహాయక సంఘాల మహిళల చేతికి డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటర్, వాటికి కరెంటు ఇచ్చేందుకు సౌర ఫలకం అందించారు. వాళ్లు ఊరూరా తిరిగి గుర్తింపు కార్డుల ఫొటోలు తీసి అక్కడికక్కడే చేతిలో పెట్టి నాలుగు డబ్బులు సంపాదించారు. పల్లెకు యంత్రం వెళ్లాలంటే దాని కరెంటును అదే మోసుకెళ్లాలని ప్రయోగం చేసినవాళ్లకు అర్థమైంది. ఇంట్లో మనకు సౌర ఫలకం లేకపోయినా, సరిగ్గా పనిచేసే యూపీఎస్ ఆ పనే చేస్తుంది.

కూత వింటే సగం తెలిసినట్లే

ఫ్యాను తిరుగుతూ 'కూ... కూ...' అని బీప్‌లు వస్తుంటే సంతోషించండి. ప్రాసెసర్ బతికే ఉంది, ఎవరో హాజరు పలకలేదని చెబుతోంది. ఎన్ని కూతలకు ఏ అర్థమన్నది బోర్డు తయారీదారును బట్టి మారుతుంది కానీ, ఎక్కువసార్లు దొంగ ర్యామే. కొత్త బోర్డుల్లో కూతకు బదులు చిన్న లైట్లుంటాయి. వాటి పక్కనే డీర్యామ్, వీజీఏ, బూట్ అని రాసి ఉంటుంది.

తీగను గోడ నుంచి పూర్తిగా పీకేసి, పవర్ బటన్‌ను ఓ అర నిమిషం నొక్కి పట్టండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. చిత్రమేమిటంటే కొన్నిసార్లు ఈ ఒక్క పనితోనే రోగం నయమవుతుంది. పలకకపోతే పక్క తలుపు తెరిచి, క్యాబినెట్ లోపలి ఇనుమును ఓసారి తాకి, ర్యామ్ పట్టీని బయటకు తీయండి. దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు రాలేలా పొడిగుడ్డతో తుడిచి, రెండు వైపులా 'టిక్' మనేలా మళ్లీ బిగించండి. రెండు పట్టీలుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. చిన్న ఊళ్లలో మెకానిక్ వచ్చి పది నిమిషాల్లో చేసి వెళ్లే వైద్యం చాలాసార్లు ఇదే.

తలుపు తెరిచారు కాబట్టి లోపలి దుమ్మునూ చూడండి. ఆరోగ్యవరం క్షయ ఆస్పత్రి మదనపల్లె దగ్గర వెలిసింది ఇక్కడి పొడిగాలి ఊపిరితిత్తులకు మంచిదనే. అదే గాలి మోసుకొచ్చే ఎర్రదుమ్ము మాత్రం కంప్యూటర్ ఊపిరితిత్తులకు చేటు! ఫ్యాను రెక్కను వేలితో కదలకుండా పట్టుకుని బ్లోయర్ కొట్టాలి. వెనక మూత లేని సందుల్లోంచి బల్లులూ చీమలూ దూరుతుంటాయి. వాటికి మూతలు పెట్టండి. బోర్డు మీద నిలబడి ఉండే చిన్న గుండ్రటి కెపాసిటర్ల నెత్తి ఉబ్బిందేమో గమనించండి. 2000ల తొలి ఏళ్లలో నాసిరకం కెపాసిటర్ల వల్ల ప్రపంచమంతటా లెక్కలేనన్ని బోర్డులు ఇలాగే పోయాయి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. తీగ పీకేశాక కూడా దానిలో ప్రాణం తీసేంత కరెంటు నిల్వ ఉండొచ్చు.

కూతలూ లేవు, తెరా రాలేదంటే మానిటర్ తీగ చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే తీగ దానికే పెట్టాలి, బోర్డుకు కాదు. ఇల్లు మారిన రోజున జరిగే పొరపాటు ఇది.

అక్షరాలు కనిపిస్తే...

తేదీ ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తూ ఎఫ్1 నొక్కమంటే రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ అయిపోయిందని అర్థం. మార్చి, తేదీ సరిచేస్తే చాలు. 'బూట్ డివైస్ లేదు' అంటే ముందు పెన్‌డ్రైవ్ ఏదైనా గుచ్చి మర్చిపోయారేమో చూసి తీసేయండి. తర్వాత బయోస్‌లోకి వెళ్లి డిస్క్ పేరు కనిపిస్తోందా చూడాలి. లేకుంటే దాని రెండు తీగలు తీసి బిగించండి. డిస్క్ 'టక్ టక్' మని కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే ఆపేయాలి. మళ్లీమళ్లీ ఆన్ చేసేకొద్దీ లోపలి సమాచారం గీసుకుపోతుంది.

డిస్క్ కనిపిస్తూ విండోస్ ఒక్కటే రాకపోతే స్టార్టప్ రిపేర్, సేఫ్ మోడ్ ఉండనే ఉన్నాయి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో నిలిచిపోయాయి. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ యంత్రాలకు ఫార్మాట్ అక్కర్లేకపోయింది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైలు తీసేస్తే లేచి కూర్చున్నాయి.

కొత్త కంప్యూటర్లున్నవారికి ఓ జాగ్రత్త. బోర్డు మార్చినా, బయోస్‌ను తిరగరాసినా విండోస్ 11 ఒక్కోసారి 48 అంకెల బిట్‌లాకర్ తాళం అడుగుతుంది. యంత్రం బాగున్న రోజునే మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాన్ని వెతికి కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

ఇవన్నీ అయ్యాక కూడా లేవకపోతే దుకాణానికి తీసుకెళ్లక తప్పదు. అప్పుడు ఏ మెట్టు దగ్గర ఆగిందో మెకానిక్‌కు చెప్పండి. ఫార్మాట్ మాటెత్తితే, ముందుగా డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి ఫొటోలూ పత్రాలూ కాపీ చేసివ్వమనండి. చిన్న యూఎస్‌బీ కన్వర్టర్ ఉంటే అయిపోయే పని. డిస్కే మార్చాల్సి వస్తే పాతదాన్ని అడిగి వెనక్కి తెచ్చుకోండి. మీ ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్ స్కానింగులు అందులోనే ఉంటాయి.