కంప్యూటరు చదువులో ‘బుర్ర’ సిద్ధాంతం

‘ప్రోగ్రామింగ్ అందరికీ వచ్చేది కాదు, దానికి బుర్రుండాలి.’ కంప్యూటరు తరగతుల్లో ఇది పాత మాటే. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే తల్లి కూతురు టెక్కలిలో ఇంజనీరింగులో చేరి మొదటి పరీక్ష తప్పిందనుకోండి, ముందు మీద పడేది ఈ మాటే. చెప్పేవాళ్లు దీన్ని అనుభవం అంటారు. కాదు, ఇదొక సిద్ధాంతం. ‘సిద్ధాంతాలెందుకండీ, పాఠం చెబితే చాలదా’ అనే మాస్టారి దగ్గర కూడా ఉంటుంది. పేరు చెప్పుకోదు, అంతే.

2016లో కెనడాలో ఎలిజబెత్ పటిట్సాస్, ఆమె తోటి పరిశోధకులు ఈ మాటను తూకం వేశారు. ఒక విశ్వవిద్యాలయంలోని 778 కంప్యూటరు తరగతుల తుది మార్కులు తీశారు. ‘వచ్చినోళ్లు, రానోళ్లు’ అని మార్కులు గుంపులుగా చీలిన ఆనవాలు 5.8 శాతంలోనే దొరికింది. తర్వాత అటూ ఇటూ తేలని మార్కుల పటాలు అధ్యాపకులకు చూపించారు. ప్రతిభ పుట్టుకతో వస్తుందని నమ్మేవాళ్లకే రెండు గుంపులు ఎక్కువగా కనబడ్డాయి! పుట్టుకను ప్రతిభగా చూపించే ఈ కనికట్టు మనకు కొత్తదా? మద్రాసు ఐఐటీ మీద 2019లో వచ్చిన పుస్తకంలో అజంతా సుబ్రమణియన్ చూపింది ఇదే: తరతరాల కుల ఆస్తి అక్కడ ‘మెరిట్’ అయి కూర్చుంది.

మరి ఆ పిల్ల ఎందుకు తప్పింది? ‘ఎక్స్ = ఎక్స్ + 1’ అని బోర్డు మీద రాస్తారు. లెక్కల్లో అది అబద్ధం. యంత్రంలో అది ఆజ్ఞ: పాత విలువకు ఒకటి కలిపి, అదే చోట పెట్టు. యంత్రం లోపల జరిగేది ఊహించుకోలేకపోవడం కొత్తవాళ్ల చిక్కుల్లో ఒకటని బెనెడిక్ట్ డు బౌలే 1980లలోనే వివరించాడు. ‘బుర్ర’ సిద్ధాంతం పిల్లను ఇంటికి పంపిస్తుంది. ఈ సిద్ధాంతం మాస్టారిని మళ్లీ బోర్డు దగ్గరికి పంపిస్తుంది. తేడా అంతా ఇక్కడే ఉంది.

పిల్లల బతుకులోంచి పాఠం చెప్పాలనే సిద్ధాంతమూ ఉంది. మంచిదే. గుండు ఒక పక్కకు, బద్ద ఒక పక్కకు; గుండ్లలో పౌనుకు 240 తూగేవి వేరు, 320 తూగేవి వేరు. జీడిపప్పు ఏరే ఆడవాళ్ల చేతుల్లో ఉన్నది షరతుల వరసే. ప్రోగ్రాం అంటే అదే కదా! కానీ జాగ్రత్త. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ కూడా సగం పూట బడి, సగం పూట తండ్రి పని అన్నాడు. జనం దాన్ని కులవిద్య అని తిప్పికొట్టారు. జీడిపప్పు పాఠానికి మెట్టు కావాలి గానీ, మెడకు గుదిబండ కాకూడదు.

అందుకే ఉద్దానం టీచర్లను, విద్యార్థులను అడిగేది ఒకటే. ‘వీడికి రాదు’ అన్న మాట వినబడినప్పుడల్లా, అది ఏ సిద్ధాంతమో, ఎవరికి మేలు చేసేదో నిలదీయండి.