ఎరుపు ముందు, నీలం వెనుక: ఉపగ్రహ చిత్రంలో ఎగిరే విమానం

విశాఖపట్నం విమానాశ్రయం నుంచి విజయవాడ విమానాశ్రయానికి పటం మీద సరళరేఖ గీస్తే అది దాదాపు తుని పట్టణం మీదుగానే పోతుంది. ఆ ఊరి మామిడితోటలనూ తాండవ నదినీ తలుపులమ్మ లోవ కొండలనూ చూపించే ఉపగ్రహ చిత్రాలను వరసగా తిరగేసేవారికి ఎప్పుడో ఒకప్పుడు పచ్చని నేల మీద ఒకే వరసలో మూడు చిన్న మచ్చలు, ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, తారసపడితే ఆశ్చర్యపోనక్కరలేదు. అవి నేల మీది వస్తువులు కావు, చిత్రం పాడైనందువల్ల వచ్చిన మరకలూ కావు. ఆ మూడూ కలిసి ఒకే ఒక్క విమానం. అంతరిక్షం నుంచి విమానాలను గుర్తుపట్టడం అనగానే చాలామందికి రెక్కల పొడవు కొలవడం, ఇంజన్లు లెక్కపెట్టడం గుర్తుకొస్తాయి గానీ, ఈ విద్యలో అసలు రుచి ఉన్నది ఆ మూడు రంగుల్లోనే.

నిలిచి ఉన్న విమానం సంగతి సులువుగానే తేలిపోతుంది. ఉపగ్రహ చిత్రం పిక్సెళ్ళు అనే చిన్న గళ్ళతో తయారవుతుంది. ఒక్కో గడి నేల మీద ఎంత మేర ఆక్రమిస్తుందో దాన్నే రిజల్యూషన్ అంటారు. ఐరోపా అంతరిక్ష సంస్థ ఉచితంగా అందించే సెంటినెల్-2 చిత్రాల్లో ఆ మేర 10 మీటర్లు కాగా, 2019 నవంబరు 27న శ్రీహరికోట నుంచి వెళ్ళిన మన కార్టోశాట్-3కి అది పావు మీటరు. విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా, 2017 డిసెంబరులో ప్రదర్శనశాలగా మారిన టీయూ-142 విమానాన్ని తీసుకుంటే, కొస నుంచి కొసకు 50 మీటర్లున్న దాని రెక్కలు సెంటినెల్ చిత్రంలో అయిదు గళ్ళకు మించవు, కార్టోశాట్ చిత్రంలోనైతే రెండు వందల గళ్ళ మేర పరుచుకుంటాయి. వెనక్కి వాలిన రెక్కలు, వాటి మీద నాలుగు ఇంజన్లు, సన్నని పొడవాటి దేహం చూస్తే అది ప్రయాణికుల విమానం కాదని కొత్తవారికైనా తెలుస్తుంది. 2016 మే నెలలో శంషాబాదులో దిగిన ఆంటొనోవ్-225కు 88.4 మీటర్ల రెక్కల విస్తృతి, ఆరు ఇంజన్లు, రెండు తోకలు ఉండేవి. 2022 డిసెంబరులో అక్కడే దిగిన ఎయిర్‌బస్ బెలూగా తిమింగలంలా ఉబ్బిన దేహంతోనే బయటపడుతుంది. అమెరికాలో మొహావీ ఎడారిలో ఉండే స్ట్రాటోలాంచ్ విమానానికి 117 మీటర్ల రెక్క, దానికి వేలాడే రెండు దేహాలు ఉన్నాయి గనుక దాన్ని మరొకటిగా పొరబడడమే కష్టం.

ఆకారం చూసి నిర్ణయించడంలోనూ గొప్పవారు తడబడ్డ సందర్భాలు లేకపోలేదు. 1960ల ద్వితీయార్ధంలో అమెరికా గూఢచారి ఉపగ్రహాలు కాస్పియన్ సముద్ర తీరాన 92 మీటర్ల పొడవున్న ఒక సోవియట్ యంత్రాన్ని చిత్రించినప్పుడు, అంత దేహానికి రెక్కల విస్తృతి 38 మీటర్లు కూడా లేకపోవడం చూసి విశ్లేషకులకు ఏమీ అంతుపట్టలేదు. అంత చిన్న రెక్కలతో అది ఎగరలేదని వేసిన లెక్క తప్పు కాదు, ఎత్తుకు ఎగరలేదు. రొస్తిస్లావ్ అలెక్సెయెవ్ రూపొందించిన ఆ ఎక్రానోప్లాన్ నీటికి కొద్ది మీటర్ల పైన, రెక్కకూ నీటికీ మధ్య నొక్కుకుపోయిన గాలి ఇచ్చే అదనపు ఊతంతో దూసుకుపోయేది. కొలతలన్నీ సరిగ్గా వచ్చాయి, కొలిచిన వస్తువు ఏ జాతిదో తెలియలేదు.

ఇక కదిలే విమానం. ఉపగ్రహంలోని కెమెరా మన చేతిలోని కెమెరాలా ఒక్క క్షణంలో మొత్తం దృశ్యాన్ని పట్టుకోదు. దాని కటకం వెనుక కాంతిగ్రాహకాలు సన్నని వరసల్లో అమర్చి ఉంటాయి. ఉపగ్రహం ముందుకు సాగుతున్నకొద్దీ ఆ వరస నేలను గీత తరవాత గీతగా చదువుకుంటూ పోతుంది. జిరాక్స్ యంత్రంలో దీపం కదులుతుండగా కాగితాన్ని లాగితే అక్షరాలు సాగిపోయినట్టే, ఈ పద్ధతిలో కదిలే వస్తువు ఆకారం మారిపోతుంది. అంతకన్నా ముఖ్యం, ఒక్కో రంగుకు ఒక్కో వరస ఉండడం, ఆ వరసలు కటకం వెనుక పక్కపక్కన ఉండడం వల్ల ఒకే చోటును అవి ఒకే క్షణాన చూడకపోవడం. సెంటినెల్-2లో ముందుగా నీలి వరస చూస్తుంది, 0.527 సెకన్లకు ఆకుపచ్చ వరస, నీలం తరవాత 1.005 సెకన్లకు ఎరుపు వరస అదే చోటును చూస్తాయి. చెట్టుకూ చెరువుకూ ఈ సెకను ఆలస్యంతో పనిలేదు కాబట్టి మూడు రంగులూ ఒకదాని మీద ఒకటి కూర్చుని సహజమైన వర్ణం వస్తుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం మాత్రం ఆ సెకనులో 250 మీటర్లు, అంటే పాతిక గళ్ళు, ముందుకు వెళ్ళిపోతుంది. నీలి వరస చూసిన విమానం వెనుక ఒక నీలి మచ్చగా, ఎర్ర వరస చూసిన అదే విమానం ముందర ఎర్ర మచ్చగా మిగిలిపోతాయి. నీలం నుంచి ఎరుపుకు బాణం గీస్తే అది ప్రయాణ దిశ, బాణం పొడవును ఆలస్యంతో భాగిస్తే అది వేగం. కదిలే వస్తువు వేగాన్ని నిలిచిన బొమ్మలో చదివే ఈ సౌకర్యాన్ని ఎవరూ కోరి అమర్చలేదు. రంగుల వరసలకు ఒకే చోట స్థలం చాలకపోవడం వల్ల అది దానంతటదే వచ్చిపడింది.

అయితే ఆ బాణాన్ని ఉన్నదున్నట్టు నమ్మితే మోసపోక తప్పదు, ఎందుకంటే విమానం నేల మీద లేదు. ఒక వస్తువును రెండు చోట్ల నుంచి చూసినప్పుడు దాని వెనుకనున్న దృశ్యంతో పోలిస్తే అది జరిగినట్టు కనిపించడాన్ని పారలాక్స్ అంటారు. సెంటినెల్ 786 కిలోమీటర్ల ఎత్తున సెకనుకు సుమారు ఏడున్నర కిలోమీటర్లు ప్రయాణిస్తుంది కనుక, నీలి చూపుకూ ఎర్ర చూపుకూ మధ్య అది అంత దూరమూ జరిగి ఉంటుంది. పదిన్నర కిలోమీటర్ల ఎత్తున గాలిలో కదలకుండా నిలబడ్డ వస్తువు ఉందనుకున్నా, ఆ రెండు చూపుల్లో దాని స్థానం నేల మీద దాదాపు వంద మీటర్లు జరిగినట్టు నమోదవుతుంది. ఆ జరుగుడు ఎప్పుడూ ఉపగ్రహ గమనానికి ఎదురు దిక్కున ఉంటుంది. పగటిపూట సెంటినెల్ ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతుంది కాబట్టి ఉత్తరం వైపు అన్నమాట. అందువల్ల ఉత్తరానికి ఎగిరే జెట్ విమానం తన 250 మీటర్లకు వంద కలుపుకుని 350 మీటర్లు పోయినట్టూ, దక్షిణానికి ఎగిరేది 150 మీటర్లే పోయినట్టూ కనిపిస్తాయి.

తుని మీది గగనతలంలో ఈ చిక్కు మరీ ముచ్చటగా ఉంటుంది. విశాఖ నుంచి విజయవాడకు ఏటీఆర్ తరహా చిన్న విమానం సెకనుకు 140 మీటర్ల వేగంతో, అయిదు కిలోమీటర్ల ఎత్తున పోతున్నదని అనుకుంటే, అది పడమరకు కొంత దక్షిణంగా వాలిన దారి గనుక, ఒక్క సెకనులో పడమరకు సుమారు 125 మీటర్లు, దక్షిణానికి 63 మీటర్లు కదులుతుంది. ఆ ఎత్తుకు పారలాక్స్ దాన్ని ఉత్తరానికి 48 మీటర్లు వెనక్కి లాగుతుంది. దక్షిణంగా పోయిన దూరంలో పదిహేను మీటర్లే, అంటే గడిన్నర మాత్రమే, మిగులుతుంది. నైరుతి మొగ్గుతో పోయే విమానం చిత్రంలో దాదాపు తిన్నగా పడమరకు పోతున్నట్టు కనిపిస్తుంది, దాని బాణాన్ని నమ్మి దారి గీసినవారు విజయవాడకు బదులు ఖమ్మం వైపు పోతారు. విశాఖ, హైదరాబాదుల మధ్య తూర్పుపడమరలుగా తిరిగే విమానాలు మాత్రం లెక్కలు చేసేవారికి వరంలాంటివి. వాటి వేగం తూర్పుపడమర జరుగుడులో, ఎత్తు ఉత్తర జరుగుడులో విడివిడిగా నమోదవుతాయి కాబట్టి ఒక్క చిత్రం నుంచి రెండూ తీయవచ్చు. విమానం వెనుక తెల్లని ఆవిరి చార ఉంటే ఇంకా మేలు, ఆ చార అంచుల్లో కనిపించే రంగులు విమానపు ఎత్తుకు రెండో సాక్ష్యం చెబుతాయి. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన హెన్నింగ్ హైసెల్‌బర్గ్ 2019లో ఇదే చిత్రాల నుంచి విమానాల, ఓడల వేగాలు తీసి చూపించారు.

వేగం దాదాపు లేకుండా ఎత్తు మాత్రమే ఉన్న వస్తువుంటే అక్కడ పారలాక్స్ రాజ్యమే. 2023 ఫిబ్రవరి 4న అమెరికా కూల్చిన చైనా బెలూన్ ఏ దారిన వచ్చిందో కనిపెట్టడానికి సింథటైక్ కంపెనీ అధిపతి కోరీ జాస్కోల్‌స్కీ చేసిన పని ఈ సూత్రాన్ని నమ్ముకునే సాగింది. ఎంతో ఎత్తున ఎగిరే తెల్లని బెలూన్ ఉపగ్రహ చిత్రంలో తెల్లగా కాక, ఒకదాన్నొకటి తాకే మూడు రంగుల గుండ్రటి మచ్చలుగా ఉంటుందని ఊహించి, ఆ బొమ్మనే చేత్తో గీసి, అలాంటిది ఎక్కడుందో వెతకమని కంప్యూటరుకు అప్పజెప్పారు. బెలూన్ చైనా దాకా వెనక్కి దొరికింది. తెలుగు నేలకు ఇటువంటి భారీ బెలూన్లు కొత్తవి కావు. హైదరాబాదులోని టాటా పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచి 2022 డిసెంబరు 7న ఒక స్పెయిన్ కంపెనీ కోసం లేచిన బెలూన్ 37 కిలోమీటర్ల ఎత్తుకు పోయి, దాని గుళిక వికారాబాద్ జిల్లా పొలాల్లో దిగినప్పుడు జనం గ్రహాంతరవాసుల ఓడ అనుకుని మూగారు. అంత ఎత్తు బెలూన్ సెంటినెల్ కంట పడితే దాని నీలానికీ ఎరుపుకూ మధ్య 370 మీటర్ల ఎడం ఉంటుంది. ఎగిరే జెట్ విమానానికి కూడా అంత ఎడం అరుదు!

ఎగిరేదెవరో నిలిచినదెవరో తేల్చే మరో గుర్తు నీడ. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం తుని పక్కనుంచే పోతుంది గనుక ఆ ఊళ్ళో గడియారపు సమయమూ సౌర సమయమూ కొద్ది నిమిషాల తేడాతో ఒకటే. ఉదయం పదిన్నర ప్రాంతాన ఉపగ్రహం వచ్చినప్పుడు సూర్యుడు ఎక్కడుంటాడో వేళ్ళ మీద లెక్కకట్టవచ్చు. డిసెంబరులో ఆ వేళకు సూర్యుడు దిగంతం నుంచి 44 డిగ్రీల ఎత్తున ఉంటాడు కాబట్టి పది కిలోమీటర్ల ఎత్తున పోయే విమానపు నీడ పదిన్నర కిలోమీటర్ల అవతల పడాలి. నిజానికి అక్కడా పడదు. సూర్యుడు చుక్క కాదు, బిళ్ళ. ఆ బిళ్ళ వెడల్పు వల్ల నీడ అంచులు దూరంతోపాటు పలచబడిపోయి, ఆరు మీటర్ల వెడల్పున్న విమాన దేహానికి నిండు నీడ సుమారు 650 మీటర్ల వరకే నిలుస్తుంది, ఆ పైన మిగిలేది ఉపచ్ఛాయ అనే మసక మాత్రమే. ఎత్తున ఎగిరే విమానం నీడ లేని విమానం.

ఈ సంగతి తెలియకపోవడం వల్లనే చెరువు అడుగున విమానం, అడవిలో కూలిన విమానం అంటూ ఏటా ఒక వార్త పుడుతుంది. 2018లో బ్రిటన్‌కు చెందిన ఒక సాంకేతిక నిపుణుడు కంబోడియా అడవి మీది చిత్రంలో ఒక విమానాన్ని చూపి, అది 2014 మార్చి 8న మాయమైన మలేషియా విమానం ఎంహెచ్370 కావచ్చునన్నారు. బోయింగ్ 777 రకానికి చెందిన ఆ విమానం పొడవు 63.7 మీటర్లు కాగా బొమ్మలోని కొలత 69 దాకా వచ్చింది. ఆ తేడాకు తోక దగ్గర ఖాళీ కనిపించడమే కారణమని సర్దిచెప్పారు. చెట్లు విరగకుండా, నీడ పడకుండా, నిండు ఆకారంతో అడవి మీద పరుచుకున్న విమానం ఎగురుతున్నదని అనుకోవడానికి అంతకన్నా ఏం కావాలి? కొలత పెరగడానికీ దారులున్నాయి. నేలను సెకనుకు సుమారు ఏడు కిలోమీటర్ల చొప్పున చదివే ఉపగ్రహం దిక్కునే విమానమూ పోతుంటే, ముక్కు దాకా చదివేలోపు ముక్కు కాస్త ముందుకు జరిగి, పొడవు మూడు నాలుగు శాతం సాగుతుంది, అంటే 63.7 కాస్తా 66 అవుతుంది; ఉపగ్రహం ఒరుగుతూ నెమ్మదిగా చదివితే ఇంకా సాగుతుంది. ఎదురుగా వచ్చే విమానం ఇదే లెక్కన కుదించుకుపోతుంది. చైనా జిలిన్ ఉపగ్రహాలు ఆ చోటును మళ్ళీ చిత్రించగా అక్కడ అడవి తప్ప ఏమీ లేదు.

ఇంతకన్నా చిరాకు కలిగించే తప్పు, చిత్రం చూడగలిగిందేమిటో తెలియకుండా మాట్లాడడం. బంగాళాఖాతం అడుగున అదే మలేషియా విమానపు లోహాలను ఆకాశం నుంచి కనిపెట్టామని 2014 ఏప్రిల్‌లో ఒక ఆస్ట్రేలియా కంపెనీ ప్రకటించగా, బంగ్లాదేశ్ నౌకాదళం వెతికి ఏమీ లేదని తేల్చింది. వెలుతురు సముద్రంలో కొన్ని పదుల మీటర్లు దిగేసరికే నీరసిస్తుంది. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు వెళుతూ, విశాఖ నౌకాదళ ఆయుధాగారపు ఉద్యోగులు ఎనిమిది మందితో సహా 29 మందితో మాయమైన ఏఎన్-32 విమానం జాడ 2024 జనవరిలో తెలిసింది. 3,400 మీటర్ల లోతున దాన్ని కనుగొన్నది ఉపగ్రహం కాదు, చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నీటిలోకి దింపిన స్వయంచాలిత వాహనం.

ఇంత శ్రమకూ ఉపయోగమేమిటని అడిగేవారు ఉండనే ఉంటారు. అందమైన పటాల కోసం ఈ మచ్చలను దోషాలుగా ఎంచి తుడిచేసే సాఫ్ట్‌వేర్లే ఎక్కువ, వాటిని చదివేవి తక్కువ. కావాలంటే రోడ్ల శాఖవారికి ఒక సంగతి చెప్పవచ్చు: తుని మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారిపై గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే లారీ ఆ ఒక్క సెకనులో 22 మీటర్లు, రెండు గళ్ళకు పైగా, కదులుతుంది, దానికి ఎత్తు లేదు గనుక పారలాక్స్ గొడవ కూడా లేదు. ఐరోపాలో ఇదే పద్ధతిలో లారీలను లెక్కపెట్టి చూశారు.