మీకు తెలుసా? అమెరికాలో పెట్రోలు కంటే డీజిలే ప్రియం

మన బంకుల్లో పెట్రోలు కంటే డీజిల్ చౌక. అమెరికాలో సాధారణంగా ఇందుకు తలకిందులు. ఒక కారణం పన్ను: అక్కడ గ్యాలన్ పెట్రోలుపై ఫెడరల్ పన్ను 18.4 సెంట్లు, డీజిల్‌పై 24.4. గ్యాలనంటే మన లెక్కలో 3.785 లీటర్లు. ఈ పన్ను సొమ్ము ప్రధానంగా రోడ్ల ఖర్చుకే వెళ్తుంది; రోడ్లను ఎక్కువగా అరగదీసేవి బరువైన లారీలు. వాటిలో చాలావరకు నడిచేది డీజిల్‌తోనే. కాబట్టి ఈ తేడా న్యాయమైనదే.

బ్రిటన్‌లో రెండింటికీ ఒకే ఇంధన సుంకం, అయినా డీజిలే సాధారణంగా ఖరీదు.

జర్మనీ దారి వేరు. లీటరు పెట్రోలుపై ఇంధన పన్ను 65.45 యూరో సెంట్లు, డీజిల్‌పై 47.04 మాత్రమే. అలాగని బంకు బోర్డు ఒక్కటే చూసి డీజిల్ కారు లాభమనుకోకూడదు. దాని మీద ఏటా కట్టే వాహన పన్ను పెట్రోలు కారు కంటే బాగా ఎక్కువ.